ప్రెసిడెంటు సాబ్ రాజీనామా

సౌదీ నుంచి తిరిగొచ్చాక కలిసినవాళ్ళందరూ ఖర్జూరాల గురించి, ఎండల గురించి, ఒంటెల గురించి అడిగారు. ఖర్జూరాలు తెచ్చాను, పంచాను. నేను వెళ్ళింది చలికాలం కాబట్టి ఎండ సంగతి చెప్పలేను, స్వెట్టరు వేసుకునే తిరిగాను. ఒంటెలను వ్యాను కిటికీలోంచి చూశాను. కానీ నేను ఎవరికైనా చెప్పాలని తహతహలాడుతున్నది ఇవేవీ కాదు. ఒక దేశాధ్యక్షుడి కథ! ఆయన సౌదీ మనిషి కాదు. పశ్చిమ ఆఫ్రికాలో ఒక దేశానికి, తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక, మొట్టమొదటి ప్రెసిడెంటు. పోయి చాలా కాలమైంది. ఆయన బతుకూ ఏలుబడీ నాకు ఒక ఏసీ రిపేరు వ్యానులో, రియాద్ నుంచి అల్ ఖర్జ్‌కూ అక్కడి నుంచి హఫర్ అల్ బాతిన్‌కూ పోయే దారిలో దొరికాయి.

ఆ దేశం పేరు గానీ ఆ అధ్యక్షుడి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. చెప్పిన మనిషి వద్దన్నాడు. హైస్కూలు రోజుల నుంచి డైరీ రాస్తున్నవాణ్ణి, పేరు తెలిసి కూడా రాయకుండా వదిలిపెట్టడం ఇదే మొదటిసారి. చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

సులై

రవీందర్ మా అక్క కొడుకు. జగిత్యాలలో ఐటీఐ చదివి, ఏసీ మెకానిక్కుగా రియాద్ పోయి, ఇప్పుడు అదే కంపెనీలో సూపర్‌వైజర్ అయ్యాడు. "రిటైరై ఇంట్ల కూసొని పాత డైరీలు సదువుడు ఏంది మామా, కొత్తది రాద్దువు రా" అని విజిట్ వీసా పంపాడు. 

వాళ్ళు ఉండేది సులైలో. రియాద్ అంటే అద్దాల మేడలని అనుకుంటూ దిగినవాణ్ణి, సులై చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. ఎటు చూసినా గోదాములు, లారీలు, టైర్ల దుకాణాలు, ఇనుము కోసే చప్పుడు. మా కరీంనగర్ బైపాస్ రోడ్డును పదింతలు చేసి ఇసుక చల్లినట్టుంది. రొట్టెల దుకాణంలో అఫ్గానీ అతను బల్ల అంత రొట్టెను కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. ఒక రియాలు. దాంతో ఇద్దరం పొద్దటి తిండి కానిచ్చాం. గదిలో రవీందర్ తన కింది మంచం నాకిచ్చి పై మంచం ఎక్కాడు. నేను తీసుకుపోయిన సకినాల డబ్బా మూత తీయగానే పక్క గదుల నుంచి నిజామాబాదు, సిరిసిల్ల, కోరుట్ల మొత్తం దిగింది.

"మామా, వ్యాను హఫర్‌కు పోతున్నది. దానికంటె ముందుగాల అల్ ఖర్జ్‌ల ఒక పని ఉన్నది. నువ్వూ రా. ప్రెసిడెంటు సాబ్ నడుపుతడు. ఆయన ముచ్చట్లు రాస్తే నీకు డైరీ సాలదు" అన్నాడు రవీందర్.

నా ఉద్యోగమంతా మండల పరిషత్ ఆఫీసులో గడిచింది. ప్రెసిడెంటు అంటే నాకు మండల ప్రెసిడెంటు, సొసైటీ ప్రెసిడెంటు, లేదంటే పాలకేంద్రం ప్రెసిడెంటు. ఎవరో మనవైపు నాయకుడు ఎన్నికల్లో అప్పులపాలై ఇక్కడికొచ్చి డ్రైవరుగా చేరాడనుకున్నాను. అలాంటివాళ్ళు నాకు తెలుసు. అందుకని మర్నాడు వ్యాను దగ్గర ఒక పొడుగాటి నల్లటి మనిషి, తెల్లగడ్డం, అల్లిక టోపీతో దిగి నా సంచీ అందుకోబోయినప్పుడు కూడా నా బుర్ర వెలగలేదు. రవీందర్ "ఈయననే మామా ప్రెసిడెంటు సాబ్" అన్నాడు. ఆఫ్రికాలోనూ పంచాయతీలుంటాయి కదా అనుకుని, వచ్చిన ఉర్దూలో మర్యాదగా అడిగాను:

"మీ కింద ఎన్ని ఊళ్ళు ఉండేవండీ? ఎన్నిక నేరుగానా, మెంబర్లు ఎన్నుకునేవాళ్ళా?"

ఆయన నా సంచీ కింద పెట్టి, ప్రశ్నను నా అంత మర్యాదగానే తీసుకున్నాడు. హైదరాబాదీలతో, పాకిస్తానీలతో ఒకే గదిలో ఉండి నేర్చుకున్న ఉర్దూ ఆయనది. నాకంటే బాగుంది.

"ఊళ్ళు లెక్కపెట్టలేదు భాయి సాబ్. దేశం మొత్తం. కానీ ప్రెసిడెంటు నేను కాదు. నా పేరు."

రవీందర్ వ్యాను తలుపు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. "మామా! ఈయన దేశానికి ఫస్టు ప్రెసిడెంటు పేరు ఈయనకు పెట్టిండ్రు. ఇక్కడ అకామా కార్డు మీద ఆ పేరు సూసి వాళ్ళ దిక్కోడు ఎవడో సెల్యూట్ కొట్టిండట. అప్పటి సంది ప్రెసిడెంటు సాబ్. నువ్వేమో వార్డు మెంబర్లను అడుగుతున్నవ్!"

సిగ్గుపడాల్సింది. పడలేదు, అంత ఉత్సాహమొచ్చింది నాకు. నా ఉద్యోగంలో ఎందరో ప్రెసిడెంట్లను చూశానుగానీ ఒక దేశపు ప్రెసిడెంటుకు ఇంత దగ్గరగా ఎప్పుడు పోయాను! ముందు సీటులో ఆయన పక్కన కూర్చున్నాను.

వ్యాను సులై దాటకముందే ఆయన ఫోను మోగింది. అవతల కొడుకు. ఏదో భాషలో ఆదుర్దాగా అడుగుతున్నాడు. ఈయన పొడిపొడిగా జవాబిచ్చి పెట్టేశాడు. రవీందర్ వెనక నుంచి విషయం చెప్పాడు. పోయిన శుక్రవారం ఈయనకు మనవడు పుట్టాడు. మొదటి మనవడు. ఈ శుక్రవారం పేరు పెడతారు. మొదటివాడికి తాత పేరు పెట్టడం వాళ్ళ రివాజు. కొడుకు అదే పెడతానంటున్నాడు. తండ్రి అనుమతి కావాలి. ఈయన మాత్రం వారం నుంచీ "చూద్దాం" అంటున్నాడు.

"సూసుడేంది సాబ్? తాత పేరు, అండ్ల ప్రెసిడెంటు పేరు! ఇంకేం గావాలె?" అన్నాడు రవీందర్.

"పాత పేరు. పిల్లలకు నచ్చదు" అని ఆయన గేరు మార్చాడు.

అల్ ఖర్జ్

రియాద్ దాటి దక్షిణంగా పోతుంటే ఎడారిలో ఉన్నట్టుండి పచ్చదనం! గడ్డి పొలాలు గుండ్రంగా ఉంటాయి. నడుమ నిలబెట్టిన గొట్టం గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది. ఆవులకు రేకుల కప్పుల కింద నీటి తుంపర, ఫ్యాన్లు. మా ఊళ్ళో మనుషులకు కూడా ఆ భాగ్యం లేదు. పెట్రోలు బంకు దగ్గర చల్లని లబన్ సీసా తాగాను. మన చల్లే. ఉప్పూ కరివేపాకూ లేవు, అంతే తేడా. మూడు సీసాలు తాగానని చెబితే మా ఇంట్లో నమ్మలేదు.

అక్కడే ప్రెసిడెంటు సాబ్ జేబులోంచి ఒక గింజ తీసి విరిచి నాకో ముక్క ఇచ్చాడు. ఎర్రగా ఉంది. కోలా అన్నాడు. మక్కాకు వచ్చిన ఊరివాళ్ళు తెచ్చిస్తారట. పెద్దవాళ్ళకు గౌరవంగా ఇచ్చేది అన్నాడు కాబట్టి, మన వక్కలాంటిదే అనుకుని మొత్తం నోట్లో వేసుకుని పరపరా నమిలాను. అంత చేదు నా జన్మలో ఎరగను! ఉమ్మేస్తే అగౌరవం, మింగితే ప్రాణాంతకం. కళ్ళు మూసి మింగాను. నా ముఖం చూసి ఆయన స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు. చిత్రంగా, కాసేపటికి నీళ్ళు తాగితే తియ్యగా అనిపించాయి. ఒళ్ళు హుషారెక్కింది. ఆ హుషారులో, ఆయన ప్రెసిడెంటు కథ చెప్పమని పట్టుకున్నాను.

చెప్పడం మొదలుపెట్టాక ఆయన గొంతే మారిపోయింది.

ఆ ప్రెసిడెంటు ఒకప్పుడు అడవి పల్లెలో బడిపంతులు. ఈయన తండ్రీ అదే బడిలో పంతులు. ఇద్దరికీ కలిపి ఒక గది, ఒక లాంతరు, ఒక మంచి బూట్ల జత. పెళ్ళికో పేరంటానికో ఎవరు పోతే వాళ్ళు బూట్లు వేసుకునేవాళ్ళు, రెండోవాడు చెప్పులతో బడికి పోయేవాడు. తర్వాత ఆ స్నేహితుడు రేవు కూలీలను కూడగట్టాడు, సమ్మెలు చేయించాడు, తెల్లదొరలు జైల్లో వేస్తే పాటలు పాడుకుంటూ వెళ్ళాడు. బయటికొచ్చేసరికి ఆయన వెనక దేశముంది. 

"జెండా మారిన రోజున ఆయన కాళ్ళకు ఆ బూట్లే. మా నాన్న తుడిచి ఇచ్చాడు."

గద్దెనెక్కిన తొలి ఏళ్ళలో జీపు తానే నడుపుకుంటూ ఊళ్ళు తిరిగేవాడట. చాప మీద కూర్చుని అందరితో ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టి తినేవాడు. విత్తనాల సంగతి ముసలమ్మలను అడిగేవాడు. ఆడపిల్లలకు బళ్ళు పెట్టాడు. రేడియోలో మొదటిసారి వాళ్ళ సొంత భాష మాట్లాడించాడు. 

"మా నాయనమ్మ రేడియోకు జవాబు చెప్పేది. వాళ్ళు 'అందరూ బాగున్నారా' అంటే 'బాగున్నాం నాయనా, నువ్వు తిన్నావా' అనేది."

"మా దగ్గర కూడా గెలిచిన ఏడాది అంతే. అరుగుల మీద కూర్చుంటారు, పేరు పెట్టి పలకరిస్తారు" అన్నాను.

"రెండో ఏడాది?"

"ఆఫీసులో కుర్చీ మారుస్తారు."

"మీకు అంతా తెలుసు భాయి సాబ్!" అని నా తొడ మీద చరిచాడు.

ఈయన పుట్టినప్పుడు ఆ ప్రెసిడెంటు జీపులో ఒక పొట్టేలును వేసుకుని స్నేహితుడి ఇంటికి వచ్చాడు. ఎనిమిదో రోజు పిల్లవాడికి తల గొరిగించి పేరు పెట్టే పండుగ. "నా పేరు పెట్టు" అన్నాడు. వాళ్ళ పద్ధతిలో ఇమాము ముందు బిడ్డ చెవిలో పేరు గుసగుసగా చెబుతాడు. ఆ తర్వాతే జనానికి. తన పేరు అందరికంటే ముందు బిడ్డే వినాలట.

"మాకూ అంతే!" అని నేను సీట్లోంచి లేచినంత పనిచేశాను. "పళ్ళెంలో బియ్యం మీద రాసి, ముందు చెవిలోనే చెబుతాం!"

"చెవిలోనా? మీకూనా?" అని ఆయన పూర్తిగా నా వైపు తిరిగాడు.

"సాబ్, రోడ్డు సూడు సాబ్" అన్నాడు రవీందర్.

పని ఉన్నది ఒక సౌదీ కుటుంబం వారాంతాల్లో వచ్చే తోట ఇంట్లో. వంటింటి ఏసీ ఆగిపోయింది. అక్కడ వంట చేసేది రాయచోటి వైపు నుంచి వచ్చిన రెడ్డెమ్మ. తెలుగు వినపడగానే ఆమె వాకిట్లోకొచ్చి మేడం అనుమతితో మా ముగ్గురికీ గావా, ఖర్జూరాలు పెట్టింది. గావా అంటే వాళ్ళ యాలకుల కాఫీ. పాలుండవు, చక్కెరుండదు, కప్పు మన దీపపు ప్రమిదంత.

"దండం సామీ. మీరేమైతారు రవన్నకు? మేనమామా? ఇంత దూరం ఏం జూసేకొచ్చినారు, మా అగచాట్లా?" అని నవ్వింది. మా వైపు వానలు పడ్డాయా అని అడిగింది. నా సకినాన్ని నోట్లో వేసుకుని "మా చెక్కిలాల ముందర ఇది యాడికి?" అని ఇంకోటి తీసుకుంది. ప్రెసిడెంటు సాబ్‌ను ఆమె "రయీస్" అని పిలుస్తుంది. అరబ్బీలో ప్రెసిడెంటే. మనవడి సంగతి తెలిసి "మబ్రూక్ యా రయీస్" అని దీవించి, తాత పేరు పెట్టబోతున్నారని రవీందర్ చెప్పగానే బుగ్గన వేలు పెట్టింది.

"అయ్యో, పెట్టేది సరే. పిలిచేదెట్లా? మామ పేరు పెట్టుకుంటే కోడలు నోరారా పిలిచేకి గాదు, తిట్టేకి గాదు. మా పిల్లోనికి మా మామ పేరే. వాడు కుండ పగలగొడితే నేను 'ఒరే' అని మింగేస్తా. మా మామ పంచలో కూసోనుంటాడు గదా! పేరెత్తి తిడితే ఎవురిని తిట్నట్టు? అందుకే వానికి చిన్నబ్బ అని ఇంకో పేరు పెట్టుకున్యాం, తిట్టుకునేదానికి."

నేను పడీ పడీ నవ్వాను. మా కోడలూ అంతే. నా పేరు పెట్టుకున్న మనవణ్ణి "బుజ్జిగా" అనే పిలుస్తుంది, అనే తిడుతుంది. మేం ఎందుకు నవ్వుతున్నామో చెప్పమన్నాడు ప్రెసిడెంటు సాబ్. రెడ్డెమ్మ అరబ్బీలో, చేతులు తిప్పుతూ, కుండ పగిలిన చప్పుడుతో సహా చెప్పింది.

ఆయన నవ్వలేదు. కప్పు కింద పెట్టాడు. వ్యాను చక్రాల్లో గాలి చూసొస్తానని లేచిపోయాడు. 

"నేనేమన్నా తప్పు మాట్లాడితినా సామీ?" అంది రెడ్డెమ్మ కంగారుగా. మాకు తెలిస్తే కదా.

హఫర్ దారి

మర్నాడు ఉత్తరంగా చాలా పెద్ద ప్రయాణం. దారిలో దహ్నా ఇసుక దిబ్బలు అడ్డం వస్తాయి. ఎర్రగా, మిరపపొడి ఆరబోసినట్టు! నేను కిటికీకి అతుక్కుపోయాను. చలికాలపు వానలకు దిబ్బల మొదట్లో సన్నని పచ్చిక మొలిచింది. సౌదీలు కార్లేసుకుని వచ్చి గుడారాలు వేసి, ఏ నీడా లేనిచోట తివాచీ పరచుకుని టీ తాగుతున్నారు. మనం నీడ వెతుక్కుంటాం, వాళ్ళు మబ్బు వెతుక్కుంటారు.

ముందురోజు ప్రెసిడెంటు సాబ్ ఎందుకు లేచిపోయాడో నేను అడగలేదు. తనంతట తనే మొదలుపెట్టాడు.

"భాయి సాబ్, రెండో ఏడాది కుర్చీ మారుస్తారన్నారు కదా. మా దగ్గర బట్ట మార్చారు."

వాళ్ళ ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే అచ్చుబట్ట మీద ప్రెసిడెంటు ముఖం వేయించారు. పండుగకు అందరూ అదే కట్టాలి. సరే, కట్టారు. కట్టాక కూర్చోవడం ఎలా? ముఖం సరిగ్గా వెనక వైపు వస్తుంది. సంతలో ఒకావిడ కూర్చుంటే, ప్రెసిడెంటు ముఖం మీద కూర్చుందని పట్టుకుపోయారు. అప్పటి నుంచి పండుగ రోజుల్లో ఆడవాళ్ళు పొద్దంతా నిలబడే ఉండేవాళ్ళట. వాళ్ళమ్మ బట్టను తిప్పి కుట్టుకుంది, ముఖం పక్కకొచ్చేలా.

రవీందర్ కిసుక్కున నవ్వాడు. ఆయనా నవ్వాడు. "అప్పుడు మేమూ నవ్వాం. ఇంట్లో, తలుపు వేసుకుని."

ఆ తర్వాత పార్టీ ఒక్కటే మిగిలింది. సభలో ఆయన బిరుదులు చదవడానికే అరగంట. జీపు పోయి నల్ల కార్ల వరస వచ్చింది. పాత స్నేహితులు ఒక్కొక్కరే కుట్రదారులయ్యారు. వాళ్ళ భాషలో ముచ్చట్లు చెప్పిన రేడియో, అదే భాషలో, పట్టుబడ్డవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టింది. 

"మా నాయనమ్మ రేడియోకు జవాబు చెప్పడం మానేసింది."

తండ్రి అప్పటికి హెడ్మాస్టరు. స్నేహితుణ్ణి ఏమీ అడగలేదు, ఆయన గురించి ఎక్కడా ఏమీ అనలేదు. జాగ్రత్తపరుడు. ఒక సాయంత్రం ఏడేళ్ళ కొడుకు మేకను కట్టేయడం మరిచిపోయాడు. అది పెరట్లోని నారు మొత్తం మేసేసింది. తండ్రి వాకిట్లో నిలబడి, ఏ తండ్రైనా అరిచినట్టే, కొడుకును పేరు పెట్టి అరిచాడు. "ఒరేయ్ ఫలానా! గాడిదా! నీ చేతిలో పెట్టిందల్లా నాశనమేనా! ఎప్పుడు పోతావురా నువ్వు నా ఇంట్లోంచి!"

ఫలానా అని నేను రాసిన చోట ఆ పేరుంది. గోడ అవతల ఎవరో విన్నారు.

రెండో రోజు ఇద్దరు మనుషులు కారులో వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. తండ్రి అన్నం మూతపెట్టి ఉంచమని చెప్పి ఎక్కాడు. 

 

"తిట్టింది నన్నే అని చెప్పడానికి నేను వెంట పరుగెత్తాను. కారు ఆగలేదు" అన్నాడాయన.

తిరిగిరాని ఆ తండ్రి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ద్రోహి పేరు కదా. కానీ కొడుకు పేరు మాత్రం గొప్ప పేరే. ప్రెసిడెంటు ఆ ఊరికి వచ్చినప్పుడు బడి పిల్లల్లోంచి ఆ పేరున్నవాణ్ణే పూలగుత్తి ఇవ్వడానికి ముందు నిలబెట్టారు. ఆయన వంగి, బుగ్గ పట్టుకుని, పేరడిగాడు. పిల్లవాడు చెప్పాడు. ఆయన మురిసిపోయి "మీ నాన్న ఎవరు బాబూ?" అన్నాడు. పిల్లవాడు నోరు తెరిచేలోపే టీచరు ముందుకొచ్చి, "తమరే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

చివరికి సైన్యం ఆ ప్రెసిడెంటును దించేసింది. ఆయన ఏదో పరాయి దేశంలో పోయాడు. విగ్రహాలు పడగొట్టారు. తర్వాత వచ్చినవాళ్ళు దేశాన్ని దోచుకున్నారు కాబట్టి ఇప్పటి కుర్రవాళ్ళు మళ్ళీ ఆయన బొమ్మ చొక్కాల మీద వేసుకుంటున్నారట. ఆయన దొంగ కాదు అంటారు. "అదీ నిజమే. ఆయన తన కోసం ఒక్క ఇల్లు కట్టుకోలేదు. బళ్ళు కట్టించాడు. నేను చదివింది అలాంటి బడిలోనే" అన్నాడు ప్రెసిడెంటు సాబ్. అంత జరిగాక కూడా అలా తూకం తప్పకుండా మాట్లాడిన మనిషిని చూసి నేను ఆశ్చర్యపోయాను.

"నా కొడుక్కు ఆ పేరంటే గర్వం. తాత జ్వరమొచ్చి పోయాడని చెప్పి పెంచాను. ఇప్పుడు ఆ పేరు ఇంకో చెవిలో చెబుతాడు. పిల్లవాడు రేపు మేకను వదిలేస్తాడు. మా వాకిట్లోనే ఎవరో ఆ పేరుతో అరుస్తారు. నేను ఎక్కడికి పోను?"

రవీందర్ వెనక నుంచి మెల్లగా అన్నాడు: "కొడుక్కు చెప్పు సాబ్."

"ఇలాంటిది ఫోన్‌లోనా?"

"మనం అన్నీ ఫోన్లనే చెప్తం గద సాబ్. పెండ్లి ఫోన్లనే, సావు ఫోన్లనే. ఇగ ఇదొక్కటి ఏడ చెప్తవ్?"

కొంచెం దూరం పోయాక రోడ్డు పక్కన ఒక ట్రక్కు దగ్గర ఆయన వ్యాను ఆపాడు. ఫోను తీసుకుని ఇసుకలోకి నడిచి వెళ్ళాడు. ట్రక్కువాడు అమ్ముతున్నది ఫగా. ఇసుక కింద పెరిగే పుట్టగొడుగులు, ఆలుగడ్డల్లా ఉంటాయి. ఉరుములకు పుడతాయని వాడన్నాడు. అచ్చం మనవాళ్ళు అనే మాటే! ధర విని గుండె ఆగింది, కిలో కొనే డబ్బుతో మా ఊళ్ళో మేకపిల్ల వస్తుంది. బేరమాడి నాలుగు గడ్డలు కొన్నాను. కొంటూనే ఆయన వైపు చూస్తున్నాను. దూరంగా ఆ పొడుగాటి మనిషి ఒక చేయి పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి మాట్లాడుతున్నాడు. తర్వాత చేతులు కదలలేదు.

తిరిగొచ్చి సీట్లో కూర్చున్నాడు. 

"ఏమన్నడు సాబ్?" అన్నాడు రవీందర్.

"ఏమీ అనలేదు. పెట్టేశాడు."

హఫర్ అల్ బాతిన్

హఫర్ కంటోన్మెంటు ఊరు. చలి సులై కంటే ఎక్కువ. కంపెనీ క్యాంపులో ఉన్నది నిర్మల్, జగిత్యాల, కామారెడ్డి మనుషులు. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దుటే మాంసం తెచ్చారు, ఒకరు ఉల్లిగడ్డలు, ఒకరు అల్లం. నేను నా ఫగాను ఎండుమిరప, ఎల్లిపాయ తాలింపు పెట్టి వండుతానని గొప్పగా ముందుకొచ్చాను. ఇసుకలో పెరిగినదాన్ని ఎంత కడగాలో నాకు తెలియలేదు. మొదటి ముద్దకే అందరి పళ్ళూ కరకరలాడాయి. "సారు, సౌదీ మొత్తం వండినవ్ గద" అన్నాడు నిర్మల్ అబ్బాయి.

ఫోను మాత్రం మోగలేదు. ప్రెసిడెంటు సాబ్ జుమ్మా నమాజుకు వెళ్ళొచ్చాడు, గిన్నె ముందు కూర్చున్నాడు, తినలేదు. విషయం క్యాంపంతా తెలిసిపోయింది. దాచడం రవీందర్‌కు చేతకాదు. వాళ్ళ దేశంలో అప్పుడు పొద్దుటి పది. పేరు పెట్టే వేళ.

మోగింది. వీడియో! ఫోనును బియ్యం బస్తాకు ఆనించి అందరం చుట్టూ మూగాం. అవతల ఎర్రమట్టి వాకిలి, పొడవాటి అంగీల్లో మగవాళ్ళు, తలకు రంగుల గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు, మూలన కట్టేసిన పొట్టేలు. ఎవరో ఫోను పట్టుకుని ఉన్నారు, కొడుకు ముఖం కనపడలేదు. ముసలి ఇమాము బిడ్డ మీదికి వంగాడు. చెవిలో పెదాలు కదిలాయి. అక్కడ అందరూ నిశ్శబ్దం. ఇక్కడ హఫర్‌లో, ఆ భాష ఒక్క ముక్క రాని మా తెలుగువాళ్ళమంతా కూడా నిశ్శబ్దం. స్టవ్ మీద నీళ్ళు మరుగుతుంటే ఎవరో చెయ్యి చాచి ఆపేశారు. ప్రెసిడెంటు సాబ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

ఇమాము తలెత్తి గట్టిగా అన్నాడు. నాకు "పోదే!" అని వినపడింది.

ఆడవాళ్ళ కేకలతో ఫోను దద్దరిల్లింది. జనం ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటున్నారు. 

"ఏమన్నడు? పోదే అన్నడా?" అన్నాడు రవీందర్.

"ఫోదే" అన్నాడు ప్రెసిడెంటు సాబ్. ఇంకోసారి అన్నాడు, గట్టిగా. "ఫోదే. మా నాన్న పేరు."

దాచిన పేరు. ఎత్తకూడని పేరు. వాకిట్లో అంతమంది నోరారా అంటున్నారు!  ఆగలేక, ఆ మాటకు మా భాషలో ఉన్న అర్థం ఆయనకు చెప్పేశాను. పోదే అంటే పోదు అని. తుడిచినా పోదు, పంపేసినా పోదు, ఏం చేసినా పోదే! అని చిరాకుపడుతూ అంటాం అని. ఆయన నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. "పోదే" అని తనే పలికి చూశాడు. నవ్వు మొదలుపెట్టి, ఏడుపులోకి జారి, మళ్ళీ నవ్వాడు. క్యాంపు క్యాంపంతా "పోదే! పోదే!" అని బియ్యం బస్తా మీద దరువు వేసింది.

అప్పుడు తెర మీదికి కొడుకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో చెప్పాడు, కాస్త గట్టిగా, కాస్త కోపంగా కూడా. ఏమన్నాడని అడిగాం.

"వీణ్ణి తిట్టేటప్పుడు వాకిట్లో నిలబడి గట్టిగానే తిడతాడట. పేరు పెట్టి. గోడ అవతల ఎవడు వింటాడో విననీ అన్నాడు" అని ఆయన గిన్నె ముందుకు లాక్కున్నాడు. ఇసుకతో సహా నా ఫగా కూర మొత్తం తిన్నది ఆయనొక్కడే.

మర్నాడు బయలుదేరేటప్పుడు నేను ముందు సీట్లో సర్దుకుని కూర్చున్నాను. రవీందర్ పనిముట్ల పెట్టె ఎక్కించి, తలుపు వేసి, ఎప్పటిలాగే కేకేశాడు: "ప్రెసిడెంటు సాబ్, పోదామా?"

ఆయన అద్దం సరిచేసుకుని, తాళంచెవి తిప్పాడు.

"ప్రెసిడెంటు రాజీనామా చేశాడు. తాత ఉన్నాడు, పోదాం."